చికిత్స పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు నేర్చుకునే ఆధారాల పాఠం

పక్షవాతం వచ్చిన మనిషికి ప్రాణాపాయం తప్పిందని డాక్టర్లు చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘మళ్లీ నడుస్తారా?’ అని. ఇంటికి చేరాక ప్రశ్నలు మారతాయి. అన్నం తనే కలుపుకుని తినగలరా? చొక్కా గుండీలు పెట్టుకోగలరా? తోడు లేకుండా బాత్‌రూమ్‌కు వెళ్లి రాగలరా? మళ్లీ దుకాణంలో కూర్చుని చిల్లర లెక్కపెట్టగలరా? ఈ రెండో వరస ప్రశ్నలకు జవాబు వెతికే వృత్తి ఆక్యుపేషనల్ థెరపీ.

ఇక్కడ ‘ఆక్యుపేషన్’ అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. స్నానం, వంట, చదువు, ఆట, పూజ, బజారు పని... మనిషి రోజును నింపే ప్రతి పనీ ఆ మాటలోకి వస్తుంది. ఫిజియోథెరపీ ప్రధానంగా కదలిక, బలం, నొప్పి మీద దృష్టి పెడుతుంది. ఆ కదలికతో మనిషి ఏ పని చేసుకోగలడన్నది ఆక్యుపేషనల్ థెరపీ చూస్తుంది. అవసరమైతే పని చేసే పద్ధతిని మారుస్తుంది, పనిముట్టును మారుస్తుంది, ఇంటి గడప ఎత్తునూ మార్పిస్తుంది.

ఈ పని అవసరం ఎంతమందికి ఉంటుందో కోల్‌కతాలో జరిగిన ఒక అధ్యయనం చెబుతుంది. నగరంలో 52,377 మందిని 2003 నుంచి 2005 వరకు ఇంటింటికీ తిరిగి గమనించిన పరిశోధకులు, వయసుల తేడాలను సర్దుబాటు చేశాక, ఏడాదికి ప్రతి లక్ష మందిలో సుమారు 145 మందికి కొత్తగా పక్షవాతం వస్తోందని లెక్కగట్టారు. వారిలో దాదాపు 41 శాతం మంది 30 రోజుల్లోపే మరణించారు. మిగిలినవారు ఏదో ఒక స్థాయి వైకల్యంతో ఇంటికి చేరే అవకాశమే ఎక్కువ. పక్షవాతం తర్వాత కోలుకునే వేగం మొదటి కొన్ని వారాలు, నెలల్లోనే అధికం. ఆ కాలంలో ఫలితం లేని వ్యాయామానికి పెట్టిన గంట మళ్లీ రాదు. రోగితో పాటు ఆసుపత్రికి వచ్చిన కొడుకు ఆ రోజు కూలి కూడా తిరిగి రాదు. అందుకే థెరపిస్టు కాబోయే విద్యార్థి ‘ఈ చికిత్స ఎలా చేయాలి?’ అన్న పాఠంతో పాటు ‘ఇదే ఎందుకు చేయాలి?’ అన్న పాఠమూ నేర్చుకోవాలి. రెండోదే కష్టమైన పాఠం.

బీటీ రోడ్డు మీద ఒక జాతీయ సంస్థ

కోల్‌కతా ఉత్తర భాగాన, బీటీ రోడ్డు మీద బన్‌హుగ్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ లోకోమోటర్ డిజెబిలిటీస్ ఉంది. 1978లో దీన్ని ఏర్పాటు చేసినప్పుడు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది ఆర్థోపెడికల్లీ హ్యాండీక్యాప్డ్ అనేవారు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఈ సంస్థలో బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ, అంటే బీఓటీ కోర్సు ఉంది. పశ్చిమ బెంగాల్ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచిన ఈ కోర్సు నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా సాగుతూ వచ్చింది. కోల్‌కతా, కటక్, చెన్నైలలోని జాతీయ సంస్థలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటూ రావడంతో ఇతర రాష్ట్రాల విద్యార్థులూ వీటిలో చేరుతూ వచ్చారు.

మన దేశంలో ఈ చదువుకు ఏడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో పుట్టి భారతీయుణ్ని పెళ్లాడి ఇక్కడ స్థిరపడిన కమలా నింబ్‌కర్ 1950లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడాది మొదలైన ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య స్థాపక సభ్య దేశాల్లో భారత్ ఒకటి. ఆ సమాఖ్య నిర్దేశించిన కనీస ప్రమాణాల ప్రకారం ప్రతి విద్యార్థీ కనీసం 1,000 గంటలు రోగుల మధ్య, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయాలి. తరగతి గదిలో విన్నది వృత్తిగా మారేది ఆ గంటల్లోనే.

గురువు చెప్పింది చాలదా?

వైద్య వృత్తులన్నిటిలోనూ చాలాకాలం విద్య చేతి నుంచి చేతికే అందింది. సీనియర్ చేసి చూపించింది జూనియర్ చేసేవారు. ఇందులో మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది. మేలు ఏమిటంటే చేతి నైపుణ్యం పుస్తకంతో రాదు. ప్రమాదం ఏమిటంటే, పక్షవాతం వచ్చినవారిలో చాలామంది చికిత్స లేకపోయినా కొంత కోలుకుంటారు. ఆ కోలుకోవడం అంతా తన చికిత్స వల్లేనని థెరపిస్టు నమ్మితే, ఆ నమ్మకం శిష్యులకూ సంక్రమిస్తుంది.

బ్రిటన్‌కు చెందిన వైద్యుడు ఆర్చీ కాక్రన్ 1972లో రాసిన పుస్తకంలో ఈ సమస్యనే లేవనెత్తారు. ఏ చికిత్స నిజంగా పనిచేస్తుందో పోల్చి చూడకుండా ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు చేస్తున్నామన్నది ఆయన ప్రశ్న. 1990ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో గార్డన్ గయాట్ ‘ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. తెలుగులో దీన్ని ఆధారసహిత వైద్యం అనుకోవచ్చు. 1996లో డేవిడ్ సాకెట్, సహచరులు దానికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. దాని ప్రకారం నిర్ణయానికి మూడు కాళ్లుంటాయి. ఒకటి, దొరికే పరిశోధనల్లో ఉత్తమమైనది. రెండు, చికిత్స చేసేవారి అనుభవం. మూడు, రోగి ఇష్టాలు, విలువలు, పరిస్థితులు. ముక్కాలి పీటలాగే ఇందులో ఏ కాలు విరిగినా నిర్ణయం ఒరిగిపోతుంది.

అయిదు మెట్లు

ఆధారసహిత పద్ధతిని విద్యార్థులకు అయిదు మెట్లుగా నేర్పుతారు: అడగడం, వెతకడం, తూచడం, అన్వయించడం, ఫలితాన్ని కొలవడం. ఒక ఊహా ఉదాహరణతో వీటిని చూద్దాం. బరానగర్‌లో చిన్న స్టేషనరీ దుకాణం నడిపే 56 ఏళ్ల వ్యక్తికి నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చేయి బలహీనపడిందనుకుందాం. మణికట్టును, వేళ్లను కొద్దిగా పైకెత్తగలుగుతున్నారు. కానీ పనులన్నీ ఎడమ చేత్తోనే కానిస్తున్నారు. వారానికి రెండుసార్లు బస్సులో ఆసుపత్రికి వస్తారు. ఆయన కోరిక ఒక్కటే: కుడి చేత్తో అన్నం తినాలి.

మొదటి మెట్టు ప్రశ్న అడగడం. ‘పక్షవాతానికి ఏ చికిత్స మంచిది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. దాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టాలి. ఎలాంటి రోగి? ఏ చికిత్స? దేనితో పోలిస్తే? ఏ ఫలితం కోసం? అప్పుడు ప్రశ్న ఇలా తయారవుతుంది: ‘పక్షవాతం వచ్చి నాలుగు నెలలైన, వేళ్లలో కొంత కదలిక ఉన్న వ్యక్తికి మంచి చేతిని కట్టి ఉంచి బలహీనమైన చేత్తో సాధన చేయిస్తే, మామూలు చికిత్సతో పోలిస్తే, రోజువారీ పనుల్లో ఆ చేతి వాడకం పెరుగుతుందా?’ 

రెండో మెట్టు వెతకడం. మామూలు సెర్చ్ ఇంజిన్‌లో మొదట వచ్చేది ఉత్తమమైనది కావాలని లేదు. విద్యార్థులు పబ్‌మెడ్ వంటి సూచికల్లో, 1999లో సిడ్నీలో మొదలైన పెడ్రో, 2003లో ఆస్ట్రేలియాలోనే మొదలైన ఓటీసీకర్ వంటి ఉచిత డేటాబేస్‌లలో వెతకడం నేర్చుకుంటారు. ఒకే అంశంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టి ఒకచోట కూర్చే కాక్రన్ సమీక్షలను 2007లో ఐసీఎంఆర్ ఖర్చు భరించి దేశ ప్రజలందరికీ ఉచితంగా తెరిపించింది. 

మూడో మెట్టు తూచడం. దొరికిన పరిశోధనను ఎంతవరకు నమ్మాలి? రోగులను రెండు గుంపులుగా చీటీలు తీసినట్లు విడగొట్టారా, లేక కోలుకునేలా ఉన్నవారిని ఏరి కొత్త చికిత్స గుంపులో వేశారా? ఫలితాన్ని కొలిచినవారికి ఎవరు ఏ గుంపో తెలుసా? మధ్యలో ఎంతమంది మానేశారు? పెడ్రో డేటాబేస్ ఇలాంటి ప్రశ్నలతోనే ఒక్కో ట్రయల్‌కు 10కి మార్కులు వేస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ పడే గుంట ఒకటుంది. గణాంకాల భాషలో ‘చెప్పుకోదగ్గ తేడా’ వచ్చిందంటే రోగికి మేలు జరిగిందని అర్థం కాదు. చేతి కదలికను 66 పాయింట్లతో కొలిచే ఫ్యూగల్-మేయర్ పరీక్షలో ఒక చికిత్స సగటున రెండు పాయింట్లు పెంచిందనుకుందాం. పెద్ద అధ్యయనంలో ఆ రెండు పాయింట్లు కూడా గణాంక పరీక్ష నెగ్గవచ్చు. కానీ పక్షవాతం వచ్చి చాలాకాలమైనవారిలో జీవితంలో తేడా తెలియాలంటే సుమారు 4 నుంచి 7 పాయింట్ల మార్పు అవసరమని 2012లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ట్రయల్‌లో గెలిచిన చికిత్స అన్నం పళ్లెం ముందు ఓడిపోవచ్చు.

ట్రయల్ నుంచి పళ్లెం దాకా

పైన అడిగిన ప్రశ్నకు నిజంగానే మంచి ఆధారం ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి గమనించారు. ఒక చేతి స్పర్శ నాడులను తెంచితే కోతి ఆ చేతిని వాడటం మానేస్తుంది. అయితే మంచి చేతిని కట్టేస్తే, మానేసిన చేతిని మళ్లీ వాడుతుంది. అంటే కొంత నష్టం గాయం వల్ల వస్తే, కొంత ‘వాడకపోవడం అలవాటు’ కావడం వల్ల వస్తోంది. దీని ఆధారంగా పుట్టిన చికిత్సను అమెరికాలో ఎక్సైట్ అనే ట్రయల్‌లో పరీక్షించారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది ఇందులో పాల్గొన్నారు. చికిత్స గుంపులోనివారు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం వరకు మంచి చేతికి తొడుగు వేసుకుని, రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటల వరకు సాధన చేశారు. ఏడాది తర్వాత కూడా వారి చేతి పనితనం మామూలు చికిత్స గుంపు కంటే మెరుగ్గా ఉందని 2006లో ఫలితాలు వెలువడ్డాయి.

ఇక నాలుగో మెట్టు, అన్వయించడం. బరానగర్ దుకాణదారు ఆ ట్రయల్‌లో చేరదగ్గ మనిషే. వేళ్లలో కదలిక ఉంది, కాలమూ సరిపోయింది. కానీ వారానికి రెండుసార్లు వచ్చే మనిషితో రోజుకు ఆరు గంటలు ఎలా చేయిస్తారు? ఇక్కడ విద్యార్థి మళ్లీ రెండో మెట్టుకు దిగాలి. వెతికితే, అదే చికిత్సకు తేలికపాటి రూపాలనూ పరిశోధకులు పరీక్షించారని తెలుస్తుంది. వాటిలో ఒకటి వారానికి మూడుసార్లు అరగంట థెరపీ, ఇంటి దగ్గర వారంలో అయిదు రోజులు రోజుకు అయిదు గంటలు మంచి చేతిని కట్టి ఉంచడం, ఇలా 10 వారాలు. అయితే వీటిపై జరిగిన తొలి అధ్యయనాలు చాలా చిన్నవి. ఆ మాటా రోగికి చెప్పాలి.

ఇంకో చిక్కు ఏ ట్రయల్ పట్టికలోనూ కనిపించదు. మన దగ్గర తినేది కుడి చేత్తో, కడుక్కునేది ఎడమ చేత్తో. ఎడమ చేతికి తొడుగు వేస్తే మరుగుదొడ్డిలో ఏం చేయాలి? బస్సెక్కేటప్పుడు కడ్డీ ఏ చేత్తో పట్టుకోవాలి? తొడుగు ఎప్పుడు తీయవచ్చో, ఏ పనులు తప్పనిసరిగా బలహీనమైన చేత్తోనే చేయాలో ముందే రోగితో ఒప్పందం రాసుకోవడం ఈ చికిత్సలోనే ఒక భాగం. ఆ ఒప్పందం రాసేటప్పుడు సిగ్గుపడకుండా, సిగ్గుపరచకుండా మరుగుదొడ్డి గురించి మాట్లాడగలగడం ఈ వృత్తికి ఎముక లాంటి నైపుణ్యం. మరోవైపు, అన్నం కుడి చేత్తోనే తినాలన్న ఆయన పట్టుదల చికిత్సకు అడ్డు కాదు, అదే ఇంధనం. ముద్ద కలపడం, వేళ్లు కూడదీయడం, నోటిదాకా ఎత్తడం అంటే రోజుకు రెండు మూడు పూటలు అర్థవంతమైన సాధన దొరికినట్లే.

అదే మనిషి వేళ్లు అసలు కదలకపోతే? అప్పుడు ఈ ఆధారం ఆయనకు వర్తించదు. కొంత కదలిక ఉన్నవారినే ఎక్సైట్‌లో చేర్చుకున్నారు. అలాంటివారి కోసం అద్దం చికిత్స వంటివి పరిశీలిస్తారు. అద్దంలో మంచి చేతి కదలికను చూస్తూ, కదులుతున్నది బలహీనమైన చేయే అన్న భావన మెదడుకు కలిగించడం దాని సూత్రం. భారత సంతతి శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీన్ని మొదట కోల్పోయిన అవయవంలో కలిగే నొప్పికి వాడారు. 2018 నాటి కాక్రన్ సమీక్ష 62 అధ్యయనాలను, 1,982 మంది సమాచారాన్ని పరిశీలించి, ఇది చేతి కదలికకు కొంత మేలు చేస్తుందని తేల్చింది. కావలసింది ఒక అద్దం, ఒక బల్ల.

అయితే ఇదే అద్దం ఇంకో పాఠమూ చెబుతుంది. పక్షవాతం తర్వాత కొందరు తమ చుట్టూ ఉన్న ప్రపంచంలో ఒక పక్కను పూర్తిగా విస్మరిస్తారు. పళ్లెంలో సగం అన్నం మిగిల్చి లేస్తారు. లూధియానాలో 48 మందితో జరిగిన ఒక ట్రయల్ ఈ లక్షణానికి అద్దం చికిత్స ఉపకరించిందని 2014లో ప్రకటించింది. కానీ అన్ని అధ్యయనాలను కలిపి చూసిన కాక్రన్ సమీక్షకు ఈ లక్షణం విషయంలో స్పష్టమైన ప్రభావం కనబడలేదు. రెండూ చదివిన విద్యార్థి ‘పనిచేస్తుంది’ అనకూడదు, ‘పనిచేయదు’ అనకూడదు. ‘ఆశ ఉంది, ఇంకా రుజువు చాలదు’ అని చెప్పడం నేర్చుకోవాలి.

మంచి ఆలోచన ఫలించనప్పుడు

మన దేశంలో థెరపిస్టులు తక్కువ, కుటుంబ బలం ఎక్కువ. మరి ఇంట్లోవాళ్లకే శిక్షణ ఇచ్చి చికిత్స చేయిస్తే? వినగానే సబబుగా తోచే ఈ ఆలోచనను అటెండ్ అనే ట్రయల్‌లో పరీక్షించారు. దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులు పాల్గొన్నారు. ఒక గుంపుకు మామూలు చికిత్సతో పాటు, కుటుంబంలో ఒకరికి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి ఇంట్లో కొనసాగించే ఏర్పాటు చేశారు. రెండో గుంపుకు మామూలు చికిత్స మాత్రమే. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే.

విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠ్యాంశం దొరకదు. మొదటి పాఠం: సబబుగా తోచడం వేరు, పనిచేయడం వేరు. ట్రయల్ చేయకుండా దేశమంతా ఈ పథకాన్ని అమలు చేసి ఉంటే, ఇప్పటికే అలసిన భార్యలు, కోడళ్లు, కొడుకుల నెత్తిన ఫలితం లేని మరో భారం పడేది. రెండో పాఠం: ట్రయల్ ఏం చెప్పలేదో కూడా చదవాలి. కుటుంబం చేయి అందించనక్కర్లేదని అది చెప్పలేదు. శిక్షణ పొందిన థెరపిస్టు చేసే చికిత్స వృథా అని అసలే చెప్పలేదు. ఈ రూపంలో, ఈ మోతాదులో అదనంగా చేర్చిన శిక్షణ ఈ ఫలితాన్ని మార్చలేదని మాత్రమే చెప్పింది. 

ఆకుపచ్చ, పసుపు, ఎరుపు

పిల్లల విషయంలో ఈ పాఠం మరింత పదునుగా ఉంటుంది. కోల్‌కతాలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం 1974లో సుధా కౌల్ ప్రారంభించిన సంస్థ, ఇప్పటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ, ఈ రంగంలో దేశంలోని పాత సంస్థల్లో ఒకటి. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు ఎవరో ఒకరు ఏదో ఒక కొత్త చికిత్స పేరు చెబుతూనే ఉంటారు. 

ఆస్ట్రేలియాకు చెందిన ఐయోనా నోవాక్ వృత్తిరీత్యా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆమె బృందం 2013లో సెరిబ్రల్ పాల్సీకి వాడుకలో ఉన్న 64 చికిత్సల ఆధారాలను పరిశీలించి ట్రాఫిక్ లైట్ల రంగులిచ్చింది. ఆ చికిత్సలతో ఆశించే ఫలితాలను విడివిడిగా లెక్కిస్తే 131 అయ్యాయి. వాటిలో ‘చేయండి’ అనే ఆకుపచ్చ దక్కింది 16 శాతానికే. 6 శాతానికి ‘చేయవద్దు’ అనే ఎరుపు పడింది. మిగిలినవన్నీ బలహీనమైన ఆధారాలున్న పసుపు రంగువే. నేర్చుకోవాల్సిన పనినే ఇంట్లో, బడిలో పదేపదే సాధన చేయించే పద్ధతులకు ఆకుపచ్చ వచ్చింది. థెరపిస్టు చేతులతో పిల్లల కదలికలను సరిదిద్దే, దశాబ్దాలుగా ప్రపంచమంతటా నేర్పుతున్న ఒక ప్రసిద్ధ పద్ధతికి ఆకుపచ్చ రాలేదు.

తాము అభిమానించే అధ్యాపకులు ఇరవై ఏళ్లుగా నమ్మిన పద్ధతి గురించి ఇలాంటి వ్యాసం చదివినప్పుడు విద్యార్థి ఏం చేయాలి? జర్నల్ క్లబ్ ఉన్నది ఇందుకే. 1875లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్లర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఒకరు పరిశోధన వ్యాసాన్ని వివరిస్తే మిగిలినవారు ప్రశ్నిస్తారు. అక్కడ తర్కం వ్యాసంతోనే తప్ప మనుషులతో కాదు. ‘సార్, మీరు తప్పు’ అనలేని విద్యార్థి కూడా ‘సార్, ఈ అధ్యయనం ఇలా అంటోంది, మీ అనుభవం ఏమంటుంది?’ అని అడగగలుగుతాడు. ఆధారసహిత పద్ధతి అలవడాలంటే మర్యాదగా విభేదించే ఈ నేర్పు కూడా కావాలి.

కత్తిపీట నేర్పే కొలతలు

అయిదో మెట్టు ఫలితాన్ని కొలవడం. 1965 నుంచి వాడుకలో ఉన్న బార్తెల్ సూచిక పది రోజువారీ పనులను అడిగి మార్కులు వేస్తుంది. మంచం నుంచి కుర్చీలోకి మారగలరా అని అందులో ఉంది. నేల మీద కూర్చుని లేవగలరా అని లేదు. బెంగాలీ వంటింట్లో చేపలు, కూరగాయలు కోసేది ‘బొటి’తో. అది తెలుగిళ్ల కత్తిపీటే. నేల మీద కూర్చుని, పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో కూరగాయను కత్తికి నెట్టాలి. ఈ ఒక్క పనిలో నడుము సమతౌల్యం, తుంటి వంపు, రెండు చేతుల సమన్వయం, ఒత్తిడి అంచనా, చూపు, జాగ్రత్త అన్నీ ఉన్నాయి. ఇలా ఒక పనిని విడి భాగాలుగా విప్పి చూడటాన్ని కార్యకలాప విశ్లేషణ అంటారు. ఈ వృత్తి విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి. విదేశీ పట్టికలో 100కు 95 వచ్చిన గృహిణి ఇంట్లో కత్తిపీట ముందు కూర్చోలేకపోవచ్చు. 

దీనికి ఒక పరిష్కారం 1991లో కెనడా థెరపిస్టులు రూపొందించిన కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్. ఇందులో ప్రశ్నల పట్టిక ముందే ఉండదు. తనకు ముఖ్యమైన పనులేవో రోగే చెబుతారు. వాటిని ఎంత బాగా చేయగలుగుతున్నారో, ఎంత తృప్తిగా ఉందో 1 నుంచి 10 వరకు తనే మార్కులు వేసుకుంటారు. కొన్ని వారాల చికిత్స తర్వాత మళ్లీ వేస్తారు. రెండు పాయింట్లు, అంతకు మించి పెరిగితే అర్థవంతమైన మార్పుగా భావిస్తారు. పెరగకపోతే చికిత్స మార్చాల్సిందే. అలా మార్చుకునే నిజాయితీ ఉన్నప్పుడే కొలతకు అర్థం.

చదివింది చేతికి ఎక్కేదెక్కడ?

ఇవన్నీ తరగతిలో చెబితే సరిపోతుందా? ఈ ప్రశ్ననూ పరిశోధకులు వదల్లేదు. ఆధారసహిత వైద్యం బోధనపై వచ్చిన 23 అధ్యయనాలను సమీక్షించిన వ్యాసం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. పట్టభద్రులైన వైద్యుల శిక్షణపై జరిగిన ఆ సమీక్ష సారాంశం ఇది: విడిగా తరగతులు పెట్టి చెబితే జ్ఞానం పెరుగుతుంది, అంతే. రోగుల దగ్గర జరిగే పనితో కలిపి నేర్పినప్పుడు నైపుణ్యం, దృక్పథం, ప్రవర్తన కూడా మారతాయి. రోగి పక్కన నిలబడి పుట్టిన ప్రశ్నకు సాయంత్రం జవాబు వెతికి, మర్నాడు అదే రోగి దగ్గరికి తెచ్చినప్పుడే చదువు చేతికి ఎక్కుతుందన్నమాట. క్షేత్ర శిక్షణకు 1,000 గంటలు పట్టుబట్టడంలో ఉన్న అర్థం ఇదే.

వృత్తి మర్యాదలు అలవడేదీ అక్కడే. తాకే ముందు అనుమతి అడగడం, చికిత్సలో ఏం చేస్తారో రోగి భాషలో చెప్పడం, చెప్పింది అర్థమైందో లేదో వారి మాటల్లోనే తిరిగి చెప్పించుకోవడం, రోజువారీ నోట్సు తర్వాతి థెరపిస్టుకు అర్థమయ్యేలా రాయడం. కోల్‌కతాలో చదివే తెలుగు విద్యార్థికి బెంగాలీ, హిందీ నేర్చుకోవడం కూడా చికిత్సలో భాగమే. నొప్పి ఎక్కడుందో దుబాసీ ద్వారా తెలుసుకోవచ్చు గానీ, భయం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం. 

ఈ నైపుణ్యాలను పరీక్షించడానికీ పద్ధతులున్నాయి. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ ప్రతిపాదించిన ఓస్కీ పరీక్షలో విద్యార్థులు ఒక్కో బల్ల దగ్గర కొద్ది నిమిషాలు గడుపుతారు. ఒకచోట కీళ్ల కదలిక కొలవాలి, ఇంకోచోట రోగి పాత్ర పోషించే వ్యక్తికి ఇంటి వ్యాయామాలు వివరించాలి. అందరికీ అవే ప్రశ్నలు, అవే మార్కుల పట్టికలు ఉండటంతో పరీక్షకుడి ఇష్టాయిష్టాల పాత్ర తగ్గుతుంది.

రోగి అడగాల్సిన మూడు ప్రశ్నలు

2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి ఆక్యుపేషనల్ థెరపీ కూడా వచ్చింది. విద్యా ప్రమాణాలకు, వృత్తి నమోదుకు దేశమంతటా ఒకే చట్రం ఉండాలన్నది ఈ చట్టం ఉద్దేశం. చట్రం ఎంత బాగున్నా, దాన్ని నిలబెట్టేది థెరపీ గదిలో జరిగే సంభాషణే. ఆ సంభాషణలో సగం రోగిది, రోగి కుటుంబానిది.

అందుకే థెరపిస్టును మూడు ప్రశ్నలు అడగవచ్చు. ‘నాలాంటివారిలో ఈ చికిత్స పనిచేస్తుందని ఎలా తెలుసు?’ ‘ఇది నేను కోరుకున్న పనికి ఎలా ఉపయోగపడుతుంది?’ ‘పనిచేయడం లేదని ఎప్పుడు, ఎలా తేల్చుకుంటాం?’ మంచి శిక్షణ పొందిన థెరపిస్టుకు ఈ ప్రశ్నలు అవమానంగా తోచవు. విద్యార్థిగా ఉన్నప్పుడు తనను తాను వేసుకోవడం నేర్చుకున్న ప్రశ్నలు అవే కదా. జవాబు ఒక్కోసారి ‘రుజువు ఇంకా చాలదు, అయినా నాలుగు వారాలు ప్రయత్నించి కొలిచి చూద్దాం’ అని రావచ్చు. తప్పకుండా నయమవుతుందన్న హామీ కంటే ఆ జవాబునే ఎక్కువ నమ్మవచ్చు.